గొట్టం మీద అన్నం డబ్బా

నా భార్య పోయిన రోజు మధ్యాహ్నం, ఆస్పత్రి మెట్ల దగ్గర, ఆమె తమ్ముడు ఆమె అన్నం డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. డబ్బా వేడిగా ఉంది. చొక్కా అంచు అడ్డం పెట్టుకుని పట్టుకోవలసి వచ్చింది.

"అక్కది, బావా," అన్నాడు. మెట్ల పక్క గోడకి ఆనుకుని జారి కింద కూర్చున్నాడు.

అప్పటికి ఆమె ఇంకా లోపలే ఉంది. అంతకుముందు, బడిలో నేను ఏడో తరగతికి భిన్నాలు చెబుతుంటే అటెండరు తలుపు దగ్గర నిలబడి, "మాస్టారూ, మీకు ఫోను," అన్నాడు. ఫోనులో ఎవరో 'పైపు పగిలింది, వెంటనే రండి' అన్నారు. ఆటో ఎక్కాక చూసుకుంటే సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. నలిగి పిండైపోయింది.

చాలా చిన్న వయసు డాక్టరు ఒకతను బయటికొచ్చాడు. నన్ను పక్కకి పిలిచి మెల్లగా, వరసగా చెప్పాడు. అన్నీ వినిపించాయి. విన్నాక నేను అతన్ని అడిగిన మాట నాకు బాగా గుర్తుంది.

"పొద్దున ఏమీ తినకుండా వెళ్లిందండీ. ఇప్పుడు కొంచెం అన్నం పెట్టొచ్చా?"

అతను నా చేతిలో డబ్బా వంక చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు అర్థమైంది.

నన్ను లోపలికి వెళ్లనివ్వలేదు. ఆమెతో పనిచేసే పెద్దాయన తలుపుకి అడ్డం నిలబడి, "వద్దు మాస్టారూ, నా మాట వినండి," అన్నారు. ఆ సందులోంచి నాకు కనిపించింది ఆమె ఎడమ పాదం ఒక్కటే. మేజోడు తిరగేసి తొడుక్కుంది. పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో, పాప నిద్ర లేస్తుందని ఆవిడ లైటు వేసుకోకుండానే తయారయ్యేది. మంచం కింద ఆమె బూట్లు పెట్టి ఉన్నాయి. వాటి లేసుల మీద తెల్లటి చుక్కలు, కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు.

*

ఆమె పనిచేసే చోటు ఊరికి అవతల ఉంటుంది. కనుచూపు మేర అద్దాలు. అవన్నీ సూర్యుడితో పాటు తిరుగుతూ ఎండని ఎత్తయిన స్తంభం కొసకి విసురుతాయి. ఆ కొసలో గొట్టాలుంటాయి. వాటిలో పారేది ఉప్పు. కూరలో వేసుకునేది కాదు, ఎరువుల బస్తాల్లో వచ్చే రకం. బాగా వేడెక్కితే అది కరిగి నీళ్లలా పారుతుంది. స్తంభం మీద ఎండని మోసుకుని కిందికి దిగి, పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిలవ ఉంటుంది. అక్కడి నుంచి నీళ్ల గొట్టాల పక్కగా పారి, ఆ నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైను తిప్పుతుంది. పొద్దు పోయాక కూడా కరెంటు వస్తుంది. లెక్కలు చెప్పుకునే నాకు ఆమె నేర్పిన పాఠం ఇదంతా.

"దానికి చలి గిట్టదు," అనేది ఆవిడ. "కాస్త గాలి తగిలితే బిగుసుకుపోతుంది. అచ్చం మీ అమ్మగారే."

"మెల్లగా అను, పక్క గదిలోనే ఉంది."

"వింటే విననీండి. దుప్పటి కప్పాను కదా, బిగుసుకోరు లెండి."

నిజంగానే ఆ ఉప్పుకి చలి గిట్టదు. వేడి ఒక మేరకి తగ్గిందంటే గొట్టంలోనే రాయైపోతుంది. అందుకని గొట్టాల చుట్టూ హీటరు తీగ చుట్టి, దాని మీద మందంగా దూదిలాంటి ఇన్సులేషను కప్పి, పైన రేకు తొడుగుతారు. ఆ పని నా బావమరిదిది. "మా తమ్ముడు గొట్టాలకి దుప్పట్లు కప్పి జోకొడతాడు. ఇంట్లో వాడి దుప్పటి మాత్రం ఎవరైనా మడతపెట్టాలి," అని అక్క ఆటపట్టించేది. "నా రెండు చేతులూ డ్యూటీలోనే అరిగిపోయాయక్కా," అని వాడు చేతులు చాపి చూపించేవాడు.

ఆవిడ పని కంట్రోల్ రూములో, ప్యానెల్ ముందు. ఉప్పు ఎక్కడైనా గడ్డకడితే కరిగించడం అందులో అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసింది. ఒకసారి పాప నీళ్లసీసా డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోతే అది పగిలింది. ఆ రోజు భోజనాల దగ్గర ఆవిడ పాపకి చెప్పింది: "నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి. మా ఉప్పు అంతా రివర్సు, కరిగితే ఉబ్బుతుంది. అందుకే ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ముక్కముక్కగా కరిగించుకుంటూ పోవాలి. ఒక ముక్క పూర్తయ్యాకే ఇంకో ముక్క. ఉబ్బిన ఉప్పు ట్యాంకులోకి పోవడానికి దారి ఉండాలి కదా. రెండు వైపులా రాయి ఉండి మధ్యలో కరిగిందనుకో..."

"ఢామ్," అంది పాప.

"ఢామ్," అంది ఆవిడ, దాని నెత్తి మీద చిన్నగా మొట్టి.

స్క్రీను మీద వేడి ఎంతో కనిపిస్తుంది. అయినా ఆవిడ కొయ్యసుత్తి ఒకటి పట్టుకుని వెళ్లి గొట్టాన్ని మోసే ఇనుపకాళ్ల మీద కొట్టి చెవి పెట్టేది. లోపల రాయి ఉంటే ఒక చప్పుడు, ద్రవం ఉంటే ఇంకో చప్పుడు. ఇంట్లో గ్లాసుల్లో ఒక్కోదానిలో ఒక్కో మేర నీళ్లు పోసి చెంచాతో కొట్టి, కళ్లు మూసుకుని ఏది నిండుదో చెప్పాలని పాపతో పోటీ పెట్టుకునేది. పాపే గెలిచేది. ఆవిడ కావాలని ఓడిపోయేదని నాకు తెలుసు.

ఆ రోజూ సుత్తి పట్టుకునే వెళ్లింది.

*

కొన్నాళ్లకి ఆ కంపెనీ మేనేజరు పరామర్శకి మా ఇంటికి వచ్చారు. మంచాయనే. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసు పట్టుకుని, ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. లేచేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నారు:

"అంత జాగ్రత్త మనిషి మాస్టారూ. ఆ ఒక్క రోజు ఎందుకో కాస్త తొందరపడ్డారు."

మాట నోరు జారిందని ఆయనకీ తెలిసింది. నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. నేను గడప దగ్గరే ఉండిపోయాను. వెనక పాప నిలబడి ఉంది. జడ సగం అల్లుకుని ఉంది. తనే అల్లుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది.

"అమ్మ ఎప్పుడు తొందరపడింది?" అంది. "బస్సు వెళ్లిపోతుందని నేను మొత్తుకుంటున్నా, పాపిడి వంకర పోయిందని జడ విప్పి మళ్లీ వేసేది."

"ఊఁ."

"అమ్మ తప్పు చేసిందా, నాన్నా?"

బడిలో నేను ఎన్ని వందలసార్లు అన్నానో, తెలియకపోతే తెలియదని చెప్పండి, ఊహించి రాయకండి అని. "నాకు తెలియదమ్మా. కనుక్కుని చెబుతాను," అన్నాను.

"నిజంగా కనుక్కుంటావా, నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?"

"నిజంగానే."

అది సగం జడని వేలికి చుట్టుకుని కాసేపు నన్ను చూసింది. తరవాత వెళ్లి మిగతాది అల్లుకుంది.

*

ఆమె వస్తువులు తెచ్చుకోవాలన్న మిషతో నేను ప్లాంటుకి వెళ్లాను. గేటు దగ్గర నా తలకి హెల్మెట్ పెట్టారు. పెద్దాయన వచ్చి తీసుకెళ్లారు. ఆమె అల్మారాలోంచి ఒక సంచీలో సర్ది ఇచ్చారు: దువ్వెన, ఇంకో జత కళ్లద్దాలు, చెవి విరిగిన కాఫీ కప్పు. "ఈ కప్పు ఎన్నిసార్లు పారేయమన్నా వినేది కాదు చెల్లెమ్మ. చెవి లేకపోతే ఏం, నా మాట వినడానికి మీకుంది కదా అనేది," అన్నారు. నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన నా కళ్లలోకి చూడటం లేదు. దుఃఖం వల్ల అనుకున్నాను.

విచారణకి బయటి నుంచి వచ్చిన అధికారిణి ఆ గొట్టం దగ్గరే ఉన్నారు. నడివయసు మనిషి. నేనెవరో తెలిశాక చేతిలో టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నారు.

"ఏం జరిగిందో తెలుసుకోవాలని వచ్చానండీ. మా అమ్మాయికి చెప్పాలి," అన్నాను.

ఆవిడ దాచలేదు. ముందు రోజు మబ్బులు పట్టాయి. పంపు ఆగింది. మామూలుగా అయితే పంపు ఆగగానే గొట్టంలోని ఉప్పంతా ట్యాంకులోకి జారిపోవాలి. ఈసారి కిందనున్న వాల్వు పట్టేసి జారలేదు. గొట్టంలోనే గడ్డకట్టింది. పొద్దున వాల్వు బాగుచేశారు. నా భార్య డ్యూటీకి వచ్చి ట్యాంకు వైపు నుంచి, పద్ధతి ప్రకారమే, మొదటి ముక్కకి హీటర్లు వేసింది. స్క్రీను మీద అది కరిగినట్టు చూపించింది. ఆగవలసినంతసేపు ఆగింది. రెండో ముక్కకి హీటర్లు వేసి, సుత్తి పట్టుకుని బయటికి నడిచింది. రెండో ముక్క పక్క నుంచి నడుస్తుండగా అది పగిలింది.

"ఆగిందంటున్నారు కదా?"

"రికార్డులో అలాగే ఉంది. కానీ ఇలా రండి." ఆవిడ నన్ను గొట్టానికి అడ్డంగా కట్టిన గోడ వెనక్కి తీసుకెళ్లారు. అక్కడ గొట్టం నేలకి దగ్గరగా మోచెయ్యిలా వంగి ఉంది. ఆవిడ సుత్తి తీసుకుని దాని కింద ఇనుపకాలి మీద కొట్టారు. "వినండి."

మొద్దు చప్పుడు. తలుపు చెక్క మీద కొట్టినట్టు.

"ఇది మొదటి ముక్కలోని బెండు. ఇప్పటికీ రాయే. అంటే మొదటి ముక్క పూర్తిగా కరగలేదు. ఇక్కడ దారి మూసుకునే ఉంది. అవతల కరిగిన ఉప్పుకి పోయే చోటు లేకపోయింది. మిగతా అంతా కరిగినప్పుడు ఇది మాత్రం ఎందుకు కరగలేదో నాకు అంతు పట్టడం లేదు. ఇంకాసేపు చూసి, ముందు ఇక్కడ కొట్టి విని, ఆ తరవాత రెండోది వేసి ఉండాల్సింది అంటున్నారు వీళ్లు. రెండు రోజుల్లో దీన్ని కోసి చూస్తాం. కోసినా లోపల ఉప్పే కదా కనిపించేది."

"తొందరపడింది అని రాస్తారా?"

"వేరే కారణం దొరక్కపోతే అంతకన్నా రాయడానికి ఏమీ ఉండదు, మాస్టారూ."

నేను ఆ బెండు వంక చూస్తూ నిలబడ్డాను. గొట్టం పొడుగునా రేకు ఎండకి, దుమ్ముకి మాసి బూడిద రంగుకి తిరిగింది. బెండు మీద పుస్తకమంత మేర మాత్రం కొత్త రేకు, అద్దంలా మెరుస్తోంది.

"ఇది కొత్తదా?"

"పేలినప్పుడు ఊడితే మళ్లీ వేశామన్నారు," అన్నారు ఆవిడ. పెద్దాయన దగ్గారు.

అప్పుడే భోజనాల సైరను మోగింది. ఆవిడ ఆఫీసు వైపు వెళ్లారు. నేను సంచీ ఒళ్లో పెట్టుకుని షెడ్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా ఇంకో యూనిట్. అక్కడా అలాంటిదే ఒక గోడ. కుర్రవాళ్లు నలుగురు ఆ గోడ వెనక్కి ఉత్త చేతులతో వెళ్లి, గుడ్డల్లో చుట్టిన డబ్బాలతో తిరిగొచ్చారు. ఒకతను నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"అక్క వాళ్ల సారు కదూ మీరు? ఒక ముద్ద తినండి సార్, ఇంటిదే."

మూత తీశాడు. అన్నంలోంచి పొగలు లేచాయి.

"ఇక్కడ పొయ్యి ఉందా?" అని అడిగాను. ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలని.

"పొయ్యెందుకు సార్, హోటలుంది కదా!" అన్నాడు వాడు నవ్వుతూ. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. నవ్వు ఆగిపోయింది. నలుగురూ డబ్బాల్లోకి తలలు వంచుకున్నారు.

నా అరచేతులు చురుక్కుమన్నాయి. నిజంగా కాలినట్టే. ఆస్పత్రి మెట్ల దగ్గర చొక్కా అంచుతో పట్టుకున్న డబ్బా. పొద్దున నేను కట్టిన అన్నం మధ్యాహ్నానికి అంత వేడిగా ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న ఇన్నాళ్లూ నా చేతుల్లోనే ఉంది. ఒక్కసారీ అడగలేదు నేను. ఇంటికి వెళ్తానని లేచాను. గేటు ఎటుందో తెలియక అదే షెడ్డు చుట్టూ తిరిగి మళ్లీ బెంచీ దగ్గరికే వచ్చాను. ఆ కుర్రవాడే వచ్చి చెయ్యి పట్టుకుని గేటు దాకా దింపాడు.

*

నా బావమరిది ఆ రోజు సెలవులో ఉన్నాడు. వాడి గదికి వెళ్లేసరికి మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. దుప్పటి నేల మీద కుప్పగా పడి ఉంది. నేను వంగి దాన్ని తీసి మడతపెట్టాను. ఎందుకు మడతపెట్టానో తెలియదు.

"హోటలంటే ఏమిట్రా?" అన్నాను.

వాడు లేచి కూర్చున్నాడు. అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. తరవాత, "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నువ్వే. డబ్బా ఇచ్చి."

వాడి మొహం తెల్లగా పాలిపోయింది.

"బెండు మీద రేకు కోసి, దూది పీకేసి, డబ్బా పట్టేంత కిటికీ పెట్టుకున్నాం బావా. కింద గొట్టం వేడికి అన్నం పొగలు కక్కుతుంది. అందరూ హోటల్ అంటారు. అన్ని యూనిట్లలోనూ ఉంది. లోపల ఉప్పు పారుతున్నంతసేపు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆగితే ట్యాంకులోకి జారిపోతుంది, గొట్టం ఖాళీ. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఉప్పు అందులో నిలవలేదు."

"ఈసారి నిలిచింది."

"ఈసారి నిలిచింది." వాడు గోడ వంక చూస్తూ చెప్పాడు. "హీటరు తీగ వేడి చాలావరకు ఆ కిటికీలోంచి గాలికి పోయింది. మిగిలింది డబ్బా కాలడానికి సరిపోయింది, ఉప్పు కరగడానికి చాలలేదు. స్క్రీనుకి వేడి చెప్పే తీగ బెండుకి అవతల ఉంది. అక్కడ దుప్పటి ఉంది. అక్కడ కరిగింది. స్క్రీను నిజమే చెప్పింది. బెండు మాత్రం ఎంతసేపు ఆగినా కరగదు బావా. రోజంతా ఆగినా కరగదు."

నేను కుర్చీ కోసం చూశాను. కుర్చీ లేదు. మంచం కోడు పట్టుకున్నాను.

"అయితే మీ అక్క తొందరపడలేదు."

"లేదు."

"మరి ఆ కిటికీ మీద కొత్త రేకు?"

"నేనే వేశాను."

"ఎప్పుడు?"

వాడు మంచం పట్టీని గోరుతో గీకుతున్నాడు.

"ఎప్పుడ్రా?"

"అక్కని అంబులెన్సులో ఎక్కించాక." వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. "నన్ను ఎక్కనివ్వలేదు, చోటు లేదన్నారు. వెనక్కి తిరిగితే గోడ వెనక ఆ డబ్బా కనిపించింది. బెండు మీద. అక్క డబ్బా. అందరూ చూస్తారు, అక్కే చేసిందంటారు అనిపించింది. డబ్బా తీశాను. సంచీలో దూది ఉంది, రేకు ముక్క ఉంది. కప్పేశాను. నా చేతులు వాటంతట అవే చేసేశాయి బావా."

ఆమె ఆస్పత్రి దారిలో ఉన్నప్పుడు వీడు గొట్టానికి దుప్పటి కప్పుతున్నాడు. ఈ మాట నా లోపల ఎక్కడా ఆనలేదు. వాడి మొహం చూస్తుంటే ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టుంది. నా పెళ్లిలో నా చెప్పులు దాచి ఏడిపించిన వాడు వీడే.

"నువ్వు దాచబట్టే కదరా మీ అక్క తొందరపడిందని రాయబోతున్నారు. నీ కత్తెరతో నువ్వు కోసిన కిటికీకి అక్కని..."

"నేను కోశాను," అన్నాడు. "కోయమంది అక్క."

నాకు వినపడింది. అయినా, "ఏమిటీ?" అన్నాను.

"మొదటి హోటల్ అక్కదే. మిగతా యూనిట్ల వాళ్లు చూసి నేర్చుకున్నారు. నువ్వు మరిచిపోయి ఉంటావు. అప్పట్లో చల్లారిన అన్నం తినలేక అక్క డబ్బా అలాగే ఇంటికి తెచ్చేది. నువ్వు ముఖం చిన్నబుచ్చుకునేవాడివట. ఏమీ అనవు కదా నువ్వు, అదే అక్కకి బాధ. 'ఆ మనిషి చీకటితో లేచి వండి కడుతున్నాడురా, పారబోయలేను, తినలేను. ఈ బెండు మీద కాస్త చోటు చెయ్యి' అంది. పారుతున్నంతసేపు ఏమీ కాదని లెక్క కూడా వేసి చూసింది. తరవాత తరవాత అది కిటికీ అన్న సంగతే మరిచిపోయాం. గొట్టంలో భాగమైపోయింది. ఆ రోజు కూడా వస్తూనే డబ్బా దాని మీద పెట్టి వెళ్లి హీటర్లు వేసింది."

కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నేను మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టాను.

నాకు ఆ డబ్బాలు గుర్తున్నాయి. నిండుగా తిరిగొచ్చేవి. ఒక రోజు నుంచి ఖాళీగా, కడిగి రావడం మొదలైంది. నా వంట బాగుపడిందనుకున్నాను.

"చెప్పకు బావా," అన్నాడు వాడు. "ఇప్పుడైతే తొందరపడింది అంటారు. అది ఎవరికైనా జరుగుతుంది. ఇది చెబితే, అన్నం కోసం గొట్టం కోయించుకుందంటారు. నవ్వుతారు. అక్కని తలుచుకుని నవ్వుతారు."

"మిగతా యూనిట్లలో కిటికీలు అలాగే ఉన్నాయా?"

తల ఊపాడు.

"ఇవాళ మధ్యాహ్నం ఒక కుర్రాడు నన్ను అన్నానికి పిలిచాడు. ఆ గోడ వెనక నుంచే తెచ్చాడు. వాడి పేరు కూడా తెలియదు నాకు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వాడిని ఓదార్చాలని నా చెయ్యి లేవలేదు. కాసేపటికి లేచింది. వాడి వీపు మీద పెట్టాను.

*

మర్నాడు ఇద్దరం వెళ్లాం. అధికారిణి, మేనేజరు, పెద్దాయన బెండు దగ్గరికి వచ్చారు. నా బావమరిది ముందుకు వచ్చాడు. సంచీలోంచి రేకు కత్తెర తీసి, మోకాళ్ల మీద కూర్చుని, తాను వేసిన రేకు అంచు వెంట కోశాడు. రేకు ఊడి వచ్చింది. కొత్త దూది పీకాడు. కింద గొట్టం నగ్నంగా, నల్లగా కనిపించింది. దాని మీద గుండ్రటి గీత ఒకటి పడి ఉంది. రోజూ ఒకే చోట ఒకే డబ్బా పెట్టగా పెట్టగా పడిన మరక. మా ఇంటి డబ్బా అడుగు ఎంత వెడల్పో నాకు తెలుసు.

"ఇది ఎవరు చేశారు?" అన్నారు అధికారిణి.

"నేను కోశానండీ," అన్నాడు వాడు. "మా అక్క అడిగింది."

మేనేజరు హెల్మెట్ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. "ఇన్నేళ్లు ఈ గోడ పక్క నుంచే నడిచాను," అన్నారు. పెద్దాయన మాత్రం, "నా డబ్బా కూడా పెట్టేవాణ్ణండీ. అందరం పెట్టేవాళ్లం. రాసేటప్పుడు అది కూడా రాయండి," అన్నారు. అప్పుడు మొదటిసారి నా కళ్లలోకి చూశారు.

అధికారిణి రెండో యూనిట్ వైపు నడిచారు. మేమంతా వెంట వెళ్లాం. గోడ వెనక బెండు మీద అలాంటిదే, ఇంకాస్త పెద్ద కిటికీ. అందులో మూడు డబ్బాలు పక్కపక్కన, చక్కగా సర్దిపెట్టి ఉన్నాయి. ఒకదాని మూత మీద చిన్నపిల్లల స్టిక్కరు, సీతాకోకచిలుక. ఆవిడ దాన్ని చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మూడో యూనిట్ మర్నాడు మొదలుపెట్టాల్సి ఉందట. అప్పటికప్పుడు ఆపించారు. సాయంత్రం లోపల నా బావమరిదే అన్ని కిటికీలూ మూశాడు. అదే ప్లాంటులో వాడి చివరి పని. కుర్రవాళ్లు తమ డబ్బాలు తీసుకుని పక్కకి నిలబడ్డారు. నన్ను అన్నానికి పిలిచినవాడు వాడికి దూది అందిస్తూ ఉన్నాడు.

బయటికి వస్తుంటే అధికారిణి గేటు దాకా వచ్చారు. "మాస్టారూ, తొందరపడ్డారు అన్న మాట రాయను. ఈ సంగతి మాత్రం రాయక తప్పదు," అన్నారు.

"రాయండి," అన్నాను.

ఇంటికి వచ్చాక ఆ డబ్బా తీశాను. ఆ రోజు నుంచి వంటింటి అలమరలో వెనక్కి పెట్టి ఉంది. మూత తీసి, లోపలిది పారబోసి, రెండుసార్లు తోమి బోర్లించాను. అడుగున గుండ్రంగా నల్లటి మచ్చ. అది తోమినా పోలేదు.

పాప బడి నుంచి వచ్చింది. సంచీ దించకుండానే, "కనుక్కున్నావా?" అంది.

"కనుక్కున్నాను. అమ్మ తొందరపడలేదు. ఆగవలసినంతసేపు ఆగింది. అది రాసి పెడతారు కూడా."

దాని మొహం విప్పారింది. ఎన్నాళ్లకో. "నేను చెప్పాను కదా," అంది. సంచీ దించి, బోర్లించిన డబ్బాని చూసి, తుడిచి అలమరలో దాని చోట్లో పెట్టింది. మచ్చ చూసిందో లేదో తెలియదు. "రేపటి నుంచి నేను ఇందులో అన్నం పట్టుకెళ్తాను," అంది.

సరే అన్నాను.

అది అడిగింది తొందర గురించి కాదు. అమ్మ తప్పు చేసిందా అని అడిగింది. ఆ కిటికీ సంగతి దానికి నేనింకా చెప్పలేదు.